చేతిలో కాగితం ఉంటే మాట పడనక్కర్లేదు

అక్కా, ఒక మాట చెప్పండి. ఇల్లు శుభ్రం చేసే పనికి పోయినప్పుడు ఎప్పుడైనా తగాదా వచ్చిందా?

ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఒక ఇంటి పని ఒప్పుకున్నారనుకుందాం. కసువు చిమ్మాలి, బండలు తుడవాలి. ఇదీ మాట. తీరా పోతే కిటికీలు కడగమన్నారు. మిద్దె కూడా కడగమన్నారు. సాయంత్రానికి నడుములు విరిగాయి. డబ్బు మాత్రం ముందు చెప్పినంతే ఇచ్చారు. "అన్నీ చేస్తామనే కదా వచ్చారు?" అన్నారు. ఎవరి మాట నిజం? నోటి మాటకు సాక్ష్యం లేదు.

అందుకే కాగితం కావాలి. పని ఒప్పుకోక ముందే అది ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి.

ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఈ రెండు పెద్ద చదువుల సంస్థలు 2015లో తిరుపతిలో మొదలయ్యాయి. తర్వాత ఇక్కడ సొంత భవనాలు కట్టుకున్నాయి. వేరే రాష్ట్రాల వాళ్లు ఎందరో వచ్చి ఉంటున్నారు. వాళ్లకు మనం ఎవరో తెలీదు. కొందరికి తెలుగు రాదు. కాబట్టి కాగితానికి ఒక పక్క తెలుగులో రాయండి. వెనక పక్క చదువుకునే పిల్లల చేత ఇంగ్లీషులో రాయించండి.

ఏమేమి రాయాలి?

1. మన పేర్లు, ఊరు, ఫోను నెంబరు. ఆధార్ నెంబరు మాత్రం రాయొద్దు.
2. చేసే పనులు. ఒక్కొక్కటీ విడిగా రాయాలి.
3. చేయని పనులు. "ఎత్తు గోడలు ఎక్కము" అని రాయొచ్చు.
4. రేటు. ఎక్కువ పని చెబితే ఎంత ఎక్కువో కూడా రాయాలి.
5. చీపురు, ఫినాయిలు, బకెట్టు ఎవరు తేవాలి?
6. వస్తువు పగిలితే ఏం చేయాలి? నగలు, డబ్బు ముందే బీరువాలో పెట్టి తాళం వేసుకోమని రాయండి. లేని నింద మన మీద పడదు.

రేటు ఎలా కట్టాలి?

గంటకు మనిషికి 100 రూపాయలు అనుకుందాం. ఇద్దరు 4 గంటలు చేస్తే 800. ఫినాయిలు, సబ్బు 120. ఆటో 80. మొత్తం 1,000 రూపాయలు. ఆటో ఖర్చు మరిచిపోతే అది మన కూలిలోనే పోతుంది.

ఇంకొక మాట రాయండి: "బ్లీచింగు పౌడరు, యాసిడ్ కలపము." రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషపు గాలి పుడుతుంది. ఊపిరి ఆడదు. ఎవరు కలపమన్నా కలపొద్దు.

మన చిన్న వ్యాపారాన్ని "ఉద్యమ్"లో నమోదు చేసుకోవచ్చు. ఈ పద్ధతి 2020 జూలై 1న మొదలైంది. నమోదుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు. ఉద్యమ్ నెంబరు కాగితం మీద ఉంటే కొత్తవాళ్లకు నమ్మకం కలుగుతుంది.

కాగితాలు రెండు రాయండి. రెండింటి మీదా ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకటి వాళ్లకు, ఒకటి మనకు.

ఇన్నాళ్లూ ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాం. ఇప్పుడు మన కష్టానికి వెల మనమే రాద్దాం.

ఆలోచించండి: మీ కాగితంలో మొదట ఏ పని రాస్తారు? ఏ పని చేయమని రాస్తే చేయము అంటారు?