కడలిలో దురదగొండి

సముద్రస్నానమంటే మన పెద్దలకు పుణ్యం. మన పిల్లలకు సరదా. మాఘపూర్ణిమకు సకుటుంబంగా వెళ్లి మూడు మునకలు వేసి వచ్చేవారు కొందరైతే, సెలవులు రాగానే రుషికొండకో, భీమిలికో, సూర్యలంకకో, మైపాడుకో బండి కట్టించేవారు మరికొందరు. ఎవరు వెళ్లినా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్త ఒక్కటే: “లోపలికి పోకండి, కెరటం లాగేస్తుంది.” ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాని కెరటంతో పాటు చప్పుడు లేకుండా ఒడ్డుకు వచ్చే మరో అతిథి ఉన్నది. దాన్ని గురించి చెప్పేవారు తక్కువ. అదే జెల్లీ చేప.

పేరులో చేప ఉన్నదేగాని అది చేప కాదు. ముల్లు లేదు, మొప్ప లేదు, గుండె లేదు, మెదడూ లేదు. ఒంట్లో నూటికి తొంభై అయిదుపాళ్లు నీరే. ఒడ్డున పడివుంటే ఎవరో తాటిముంజ ఒలిచి పారేశారా అనిపిస్తుంది. నీళ్లలో ఉంటే అసలు కనిపించనే కనిపించదు. గొడుగులాంటి ఒంటి క్రింద దారాల్లాగా తీగెలు వ్రేలాడుతుంటాయి. ఆ తీగెల నిండా దంశకణాలు. ఒక్కొక్క కణంలో విషం నిండిన తిత్తి, అందులో చుట్ట చుట్టిపెట్టిన సన్నని బోలుదారం. ఏదైనా తగిలితే చాలు, రెప్పపాటులో ఆ దారం బాణంలా దూసుకువచ్చి చర్మంలో దిగుతుంది. పొలంగట్టు మీద దురదగొండి కాయ తగిలి ఒళ్లంతా గోక్కున్నవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. ఇది కడలిలో దురదగొండి అనుకోవచ్చును. మంట మాత్రం పదింతలు.

ఇందులో విచిత్రమేమిటంటే, ఆ కణాలు పని చేయటానికి జెల్లీ చేప ప్రాణంతో ఉండనక్కరలేదు. చచ్చి ఒడ్డున పడ్డదైనా, తెగి నీళ్లలో తేలిన తీగె ముక్క అయినా కుడుతుంది. ముట్టుకున్న చేత్తో కన్ను నులుముకుంటే కంటికీ తప్పదు. కనుక గవ్వలేరుకునే పిల్లలకు మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది: మెరిసేదల్లా ముట్టుకోవద్దు.

కొన్నేళ్ల క్రితం మా కాలేజీ విద్యార్థులను రుషికొండకు విహారయాత్రకు తీసుకువెళ్లాము. మోకాటిలోతు నీళ్లలో ఆడుకుంటున్న కుర్రవాడొకడు కెవ్వున అరిచి కూలబడ్డాడు. ప్రక్కవాళ్లు పట్టుకోబట్టి సరిపోయిందిగాని, లేకపోతే తర్వాతి కెరటం ఏం చేసేదో! కుట్టగానే కంగారుపడి నీళ్లలో పడిపోవటమే చాలాచోట్ల విషాన్ని మించిన ప్రమాదం. ఒడ్డుకు చేర్చి చూస్తే పిక్క మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రని చారలు.

ఇక చూడండి, క్షణంలో ఎంతమంది వైద్యులు తయారయ్యారో! ఒకరు ఇసుక రుద్దమన్నారు. ఒకరు సీసాలోని మంచినీళ్లు పొయ్యమన్నారు. చేతులు తుడుచుకునే స్పిరిటు పూయమన్నారు ఇంకొకరు. ఒక పెద్దమనిషి మరీ ముందుకు వచ్చి, పత్రికలో వ్రాయటానికి బాగుండని “చికిత్స” ఒకటి సెలవిచ్చారు. మూత్రవైద్యమని పాఠకులు గ్రహించే ఉంటారు. ఇంతలో అలివి వల లాగుతున్న జట్టులోనుంచి ఒక వృద్ధుడు పరుగున వచ్చాడు.

“ఒద్దు బాబూ, ఇసక రాయొద్దు! మంట ఇంకా ఎక్కిపోద్ది. సముద్రం నీళ్లే పొయ్యండి మేష్టారూ, మంచినీళ్లొద్దు” అన్నాడు.

ఆయన చదివినది సముద్రమే కావచ్చుగాని, చెప్పినమాటలో తప్పులేదు. ఊరికి తిరిగి వచ్చాక మా జంతుశాస్త్రం లెక్చరరు మిత్రుణ్ణి అడిగితే కారణం చెప్పారు. చర్మానికి అంటుకున్న తీగెల్లో ఇంకా పేలని కణాలు వేలకొద్దీ ఉంటాయట. రుద్దితే అవి నలిగి పేలతాయి. ఉప్పునీటికి అలవాటుపడ్డ కణాలపై మంచినీళ్లు పడినా పేలతాయి. స్పిరిటూ అంతే. మూత్రవైద్యానికి శాస్త్రంలో ఆధారమే లేదు. అంటే ఆ అయిదు నిమిషాల్లో మనం ఆదుర్దాతో చేసే ఉపకారమే, కుట్టిన ప్రాణి చేసిన అపకారాన్ని రెండింతలు చేస్తుందన్నమాట.

మరి ఏం చేయాలి? ముందుగా మనిషిని నీళ్లలోనుంచి బయటికి తెచ్చి కదలకుండా కూర్చోబెట్టాలి. గాయంమీద సముద్రపు నీళ్లు ధారగా పొయ్యాలి. అంటుకున్న తీగెలను ముల్లు తీసే చిన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా ఎత్తి తీయాలి. ఉత్త చేతులతో కాదు. తర్వాత, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీల వేడిలో, ఆ భాగాన్ని 20 నిమిషాలకు తక్కువ కాకుండా ఉంచాలి. మంచినీళ్లు వద్దని వేడినీళ్లంటారేమిటని అడగవచ్చు. తీగెలు పూర్తిగా తీసేశాక కదా ఈ పని! అప్పటికే ఒంట్లో దిగిన విషంలోని మాంసకృత్తులు వేడికి చెడతాయి, మంట తగ్గుతుంది. అయితే నొప్పితో ఉన్నవాడికి వేడి తెలియదు. బొబ్బలెక్కకుండా, నీళ్లు ఎంత వేడిగా ఉన్నవో బాగున్న మనిషే చెయ్యి పెట్టి చూడాలి. ఆనాడు మమ్మల్ని ఆదుకున్నది ఒడ్డున ఉన్న టీ బడ్డీ. ఆ తల్లి బకెట్టెడు వేడినీళ్లు కాచి ఇచ్చి, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అరగంటకు కుర్రవాడి ముఖంలోకి నవ్వు వచ్చింది. వేడినీళ్లు దొరకనిచోట గుడ్డలో చుట్టిన మంచుగడ్డ కొంత ఉపశమనం ఇస్తుంది.

వెనిగర్ సంగతేమిటని కొందరు అడుగుతారు. ఆస్ట్రేలియా ఉత్తరతీరంలో పెట్టె ఆకారంలో ఉండే ఒక జెల్లీ చేప ఉన్నది. అది కుడితే నిమిషాలలో ప్రాణం పోయిన సందర్భాలున్నవి. అందుకని అక్కడి బీచీలలో వెనిగర్ సీసాలు సిద్ధంగా పెడతారు. ఆ జాతికి అది మేలే. కాని మరికొన్ని జాతుల కణాలను అదే వెనిగర్ రెచ్చగొడుతుంది. 2018 ఆగస్టులో ముంబయి తీరాలకు కొట్టుకువచ్చి ఎందరినో కుట్టిన నీలి బుడగల జీవికి వెనిగర్ వద్దనే ఆస్ట్రేలియా వారు చెబుతారు. కుట్టినదేదో తెలియనప్పుడు సముద్రపు నీరు, వేడినీరు, ఈ రెంటినీ నమ్ముకోవటం క్షేమం.

ఆ నీలి బుడగకు ఒక చరిత్ర కూడా ఉన్నది. దాని జాతికి చెందిన జీవి విషాన్ని 1901లో మొనాకో రాజుగారి ఓడమీద ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ రిషే, తన సహచరుడు పోర్టియేతో కలిసి పరిశీలించాడు. పారిస్‌కు తిరిగివచ్చి సముద్రపుష్పమనే మరో జీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్కే, కొన్ని వారాల తర్వాత చాలా కొద్ది మోతాదుకే ప్రాణం విడిచింది. ఒకసారి సోకిన పదార్థం రెండవసారి ఒంటికి పడక విజృంభించే ఈ స్థితికి 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. దీనికే 1913లో రిషేకు నోబెల్ బహుమానం వచ్చింది. “లోగడ కుట్టింది, నాకేం కాలేదు” అని ధీమా పడేవారు ఈ కథ గుర్తుంచుకోవాలి.

ఊపిరాడకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, పెదవులు నాలుక వాచినా, వాంతులు ఆగకపోయినా, తెలివి తప్పుతున్నా ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేయాలి. కంటికి గాని ముఖానికి గాని తగిలినా, చారలు ఒళ్లంతా పరచుకున్నా, కుట్టించుకున్నది పసిపిల్లలైనా ఆస్పత్రికి తీసుకుపోవటమే మంచిది.

అసలు కుట్టకుండా చూసుకోవటం ఇంకా సులువు. ఒడ్డున జెల్లీ చేపలు పడివుంటే, నీళ్లలోనూ ఉన్నాయనే అర్థం. ఆరోజుకు స్నానం మానుకోండి. గాలి సముద్రంమీదనుంచి ఒడ్డుకు బలంగా వీచినప్పుడు ఇవి కొట్టుకువస్తాయి. నీళ్లలో దిగే పిల్లలకు నిండుచేతుల చొక్కా, చీలమండలదాకా అంటిపెట్టుకుని ఉండే లాగు తొడగండి. ఇసుకలో చెప్పులు విడవనివ్వకండి. పులిహోర పొట్లాలతో పాటు చిన్న పట్టకారు ఒకటి, ఫ్లాస్కునిండా వేడినీళ్లు సంచిలో వేసుకుంటే బరువేమీ కాదు.

అన్నిటికన్నా ముందు, ఒడ్డున వల లాగేవారిని ఒక్కమాట అడగండి. మనం ఏడాదికొకసారి సరదాకు వెళ్లేచోట వారు దినదినమూ బ్రతుకుతెరువుకు దిగుతారు. వలలో చేపలతో పాటు వచ్చిన ఈ తీగెలు చేతులకు చుట్టుకున్నా, ఆ పూట కూలి పోతుందని వల విడువరు. అటువంటివారు “ఇవాళ దిగొద్దు బాబూ” అన్నారంటే, ఒడ్డునే కూర్చుని మొక్కజొన్నపొత్తులు తింటూ కెరటాలను చూడటంలోనూ ఆనందం లేకపోలేదు.