ప్రకటనలో పన్నెండొందలు... చేతికెంత?

పోయిన నెల జీతాల రోజు రాత్రి కోరుట్ల వైపు తమ్ముడొకడు నా గదికి వచ్చాడు. దుబాయ్‌లో మా సైట్‌లోనే స్టీల్ ఫిక్సర్. చేతిలో పేస్లిప్. ‘అన్నా, నా ఓటీ గంటలు కోసిండ్రు’ అన్నాడు. టైంషీట్లు రాసేది నేనే కాబట్టి ఇద్దరం కూచొని లెక్క చూశాం. 52 గంటలు, ఒక్క గంటా తగ్గలేదు. తేడా గంటల్లో లేదు, రేటులో ఉంది.

ఊళ్లో అతను చూసిన ప్రకటనలో ‘జీతం 1,200 దిర్హాములు + ఓటీ’ అని ఉంది. దాన్ని పట్టుకుని అతను ఇంటి దగ్గరే లెక్కేసుకున్నాడు. 1,200ని 30 రోజులతో, మళ్లీ 8 గంటలతో భాగిస్తే గంటకు 5 దిర్హాములు. ఓటీకి పావు వంతు ఎక్కువ, అంటే ఆరుంబావు. రోజుకు 2 గంటల చొప్పున 26 రోజులకు 325 దిర్హాములు వస్తాయనుకున్నాడు. వచ్చింది 195.

కాంట్రాక్టు తీయించి చూస్తే అందులో బేసిక్ 720 మాత్రమే. మిగతా 480 ఫుడ్ అలవెన్స్, ఇతర అలవెన్సులు. యూఏఈ చట్టం ప్రకారం ఓటీ కట్టేది బేసిక్ మీదే. 720 బేసిక్ అయితే గంటకు 3 దిర్హాములు, పావు వంతు కలిపితే 3.75. కంపెనీ మోసం చేసిందనడానికి లేదు, కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. కానీ నెలకు 130 దిర్హాములు తక్కువ. ఈ తమ్ముడు లక్షన్నర అప్పు తెచ్చి వచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ 130 దిర్హాములు ఇంచుమించు ఆ నెల వడ్డీతో సమానం.

నేను డిప్లొమా చదివి వచ్చినా మొదటి ఏడాది ఇట్లాగే దెబ్బతిన్నాను. చదువుకీ దీనికీ సంబంధం లేదు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె దగ్గరే మన కన్ను ఆగిపోతుంది.

బేసిక్ తక్కువైతే దెబ్బ ఓటీతో ఆగదు. ఇక్కడ ఏడాది నిండిన వాళ్లకు ఉద్యోగం వదిలేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున కడతారు. 720 బేసిక్ మీద ఐదేళ్లకు 2,520 దిర్హాములు. మొత్తం 1,200 బేసిక్ అయ్యుంటే 4,200 వచ్చేది. ఇంటికి వెళ్లే రోజు తెలుస్తుంది ఆ తేడా.

ఇంకో రకం ప్రకటన ఉంటుంది, ‘1,200, డ్యూటీ 10 గంటలు’ అని. యూఏఈలో మామూలు డ్యూటీ రోజుకు 8 గంటలు, వారానికి 48కి మించకూడదు. అంటే రెండు గంటల ఓటీ ఆ 1,200 లోపలే కలిపేశారన్నమాట. నెలకు 26 రోజులు చేస్తే 8 గంటల డ్యూటీలో గంటకు 5.77 దిర్హాములు పడేది, ఇక్కడ 4.62కి దిగుతుంది. ‘ఓటీతో కలిపి 1,800 వరకు’ అన్న ప్రకటనైతే నేను అసలు లెక్కలోకే తీసుకోను. ‘వరకు’ అనే మాటకు కింది హద్దు లేదు. స్లాబ్ పనులున్నన్నాళ్లు ఓటీ ఉంటుంది, ఫినిషింగ్ కొచ్చేసరికి పోతుంది.

పార్ట్‌టైం సంగతి వేరు. ‘రోజుకు 4 గంటలు, నెలకు 1,040 దిర్హాములు’ అని చూస్తే నెలకు 104 గంటలు, గంటకు 10 దిర్హాములు. మన 5.77తో పోలిస్తే రెట్టింపుకు దగ్గర. ఇది చూసి మా క్యాంపులో కుర్రాళ్లు ఊగిపోయారు. కానీ ఫుల్‌టైంలో గది, బస్సు, వీసా కంపెనీవి. పార్ట్‌టైంలో అవి ఎవరివో అడగాలి. కొన్ని ప్రకటనల్లో వేసేది ఫుల్‌టైం జీతం, పార్ట్‌టైం వాళ్లకు గంటల లెక్కన కోసి ఇస్తారు. 48 గంటల వారానికి 2,000 అని వేస్తే 24 గంటలు చేసేవాడికి వెయ్యే. సెలవులూ, గ్రాట్యుటీ కూడా ఆ నిష్పత్తిలోనే. ఇంకొక మాట, పార్ట్‌టైం పర్మిట్ లేకుండా సాయంత్రం ఇంకోచోట పనికి పోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. పట్టుబడితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

విమానం ఎక్కక ముందే ఆఫర్ లెటర్‌లో బేసిక్ అని రాసిన గడి చూడండి. అందులో రాసినదానికన్నా తర్వాత కాంట్రాక్టులో తగ్గించకూడదు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో ఊళ్లో ఎవరైనా చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. మన దేశ చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

మొన్న ఆ తమ్ముడే మళ్లీ వచ్చాడు, ఫోన్‌లో ఒక ప్రకటన ఫొటోతో. వాళ్ల బామ్మర్ది రావడానికి సిద్ధమవుతున్నాడట. ‘1,300 + ఓటీ’ అని ఉంది. ఇద్దరం కలిసి ఏజెంటుకు వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న పంపాం, ‘బేసిక్ ఎంత?’ అని. నాలుగు రోజులైంది, చదివినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. బామ్మర్దిని పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆగమన్నాం.