చెప్పుకోలేని బాధ

ఇంట్లో పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మలబద్ధకం వస్తే మాత్రం ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనూ అంతే జరిగింది.

మా అమ్మ ఆదోని దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే చేను దాకా నడిచేది. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తినేది. బళ్ళారిలో మా దగ్గరికి వచ్చాక ఆ నడక పోయింది. పళ్ళు కదలడంతో రొట్టె కూడా పోయి మెత్తటి అన్నం, మజ్జిగ మిగిలాయి. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు ముట్టేది కాదు. మా బళ్ళారి ఎండల సంగతి మీకు తెలిసిందే!

ఒకరోజు స్నానానికి లేచి, కళ్ళు తిరిగి కూలబడింది. ఆమె ట్రంకుపెట్టెలో చూస్తే సునాముఖి పొడి, ఇక్కడి అంగళ్ళలో 'అళలెకాయి' అనే కరక్కాయ పొడి, మందుల షాపులో అడిగి తెప్పించుకున్న విరేచనాల మాత్రలు! ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఇవి కొడుకుతో చెప్పుకునే మాటలేనా అప్పా?" అంది.

వాడే మందులన్నీ సంచిలో వేసి తెమ్మన్నారు డాక్టరుగారు. రక్తహీనతకి ఐరన్, ఎముకలకి కాల్షియం, రెండూ మలబద్ధకం తెచ్చేవేనట. కొన్ని రకాల బీపీ మాత్రలూ, గట్టి నొప్పి మాత్రలూ అంతే. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి అమ్మ ఇంకో మందు మింగుతోందన్నమాట. విరేచనాలు ఎక్కువైతే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గి నీరసం, కళ్ళు తిరగడం వస్తాయి. నాటు మందైనా అంతే. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరగవచ్చు.

అలాగని విరేచనాల మందులన్నీ చెడ్డవి కావు. డాక్టరు సలహాతో కొందరు రోజూ వాడవలసి రావచ్చు. అయితే ఇసబ్‌గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్ళతో తీసుకోవాలి. నీళ్ళు చాలకపోతే అదే లోపల అడ్డుపడుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళు మెగ్నీషియం ఉన్న మందు సొంతంగా వాడకూడదు. రోజూ కాకపోతే జబ్బే అనుకోవడమూ పొరపాటే. రోజుకు 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల దాకా, ఇబ్బంది లేకుండా అయితే మామూలే.

డాక్టరుగారు అమ్మ మాత్రలు మార్చారు. పగలు నీళ్ళు, మెత్తగా ఉడికిన కూరలు, బొప్పాయి, సాయంత్రం వీధి చివరి దాకా నడక అలవాటు చేశాం. పొద్దున టిఫిను కాగానే, కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని తొందరపడకుండా కూర్చుంటుంది. నెల తిరిగేసరికి చాలావరకు కుదుటపడింది.

మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, అలవాటు హఠాత్తుగా మారినా, వాంతులతో కడుపు ఉబ్బినా ఇంటి వైద్యం మాని వెంటనే డాక్టరుకి చూపించాలి.

"భోంచేశావా అమ్మా?" అని రోజూ అడుగుతాం. ఆ రెండో ప్రశ్న కూడా అడుగుదాం. సిగ్గు వాళ్ళది, అడగవలసిన బాధ్యత మనది.