బజారులో వేడెక్కే కారు

గద్వాలలో కిరాయికి కారు నడిపే ఒక డ్రైవరు ఉన్నాడనుకుందాం. మే నెల. పెళ్లిళ్ల రోజులు. పెళ్లివాళ్లను ఎక్కించుకొని వనపర్తికి బయలుదేరాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటాడు. పెబ్బేరు దాకా కారు బాగానే నడిచింది. వనపర్తి బజారులోకి రాగానే ఆటోలు, బండ్లు అడ్డం వచ్చాయి. కారు ఆగి ఆగి కదులుతున్నది. చూస్తుండగానే వేడి చూపే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది.

పెద్ద రోడ్డు మీద లేని వేడి బజారులో ఎందుకు వచ్చింది?

ఇంజనులో పెట్రోలో, డీజిలో మండుతుంది. ఆ వేడిని కూలెంటు కలిపిన నీళ్లు తీసుకుంటాయి. వేడెక్కిన నీళ్లు ముందున్న రేడియేటరులోకి వస్తాయి. రేడియేటరు అంటే సన్నని గొట్టాల జాలి. దాని సందుల్లోంచి గాలి పోతే నీళ్లు చల్లబడతాయి. వేడి చాయను సాసరులో పోసి ఊదుతాం కదా, అట్లాగే. కారు జోరుగా పోతుంటే ఎదురుగాలే ఊదుతుంది. కారు ఆగితే ఎవరు ఊదాలి? ఫ్యానే ఊదాలి.

కాబట్టి బజారులో వేడెక్కి, రోడ్డెక్కగానే చల్లబడితే మొదటి అనుమానం ఫ్యాను మీదే. జోరుగా పోతున్నా వేడెక్కుతుంటే వేరే సంగతి. నీళ్లు కారిపోయి ఉండవచ్చు. నీళ్ల పంపు చెడి ఉండవచ్చు. బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర కట్టినట్లు, రేడియేటరు గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు.

వేడి మీద మాత్రం రేడియేటరు మూత తీయరాదు. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు 100 దాటినా మరగవు. మూత తీశారో, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, బాగా చల్లారేదాకా ఆగాలి. పెళ్లివాళ్లు తొందర పెడతారు. పెట్టనీ. వేడి ఇంజనులో చన్నీళ్లు పోసినా ప్రమాదమే, ఇంజను పగలవచ్చు.

మరునాడు పొద్దున ఇంటి దగ్గర, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. కూలెంటు డబ్బా మీద రెండు గీతలుంటాయి. నీళ్లు ఆ రెంటి నడుమ ఉండాలి. నీళ్లు బాగా తగ్గితే వేడిని కనిపెట్టే సెన్సరుకు అవి తగలవు. అప్పుడు ఫ్యాను బాగున్నా తిరగదు.

తరువాత ఇంజను స్టార్టు చేసి ఏసీ వేయాలి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాను తిరుగుతుంది. ఏసీ లేకపోతే ఇంజనును అట్లాగే నడవనిచ్చి చూడాలి. ముల్లు సగం దాటినా ఫ్యాను కదలకపోతే వెంటనే ఇంజను ఆపాలి. పాత జీపులు, అంబాసిడర్లలో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. అక్కడ బెల్టు చూస్తే చాలు. ఇప్పటి చాలా కార్లలో కరెంటు మోటారు తిప్పుతుంది.

ఇంజను ఆపినా ఈ ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు. వేళ్లు తెగుతాయి. అందుకే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ఇంజను చల్లారాక రెక్కను చేత్తో తిప్పాలి. బిగుసుకుపోతే మోటారు పని అయిపోయినట్లే. తేలికగా తిరిగితే ఫ్యూజు డబ్బా తెరవాలి. ఏది ఫ్యాను ఫ్యూజో చాలా కార్లలో మూత మీదనే బొమ్మ ఉంటుంది. లేకపోతే కారుతో వచ్చిన పుస్తకంలో చూడాలి. ఫ్యూజు మీద 30 అని ఉంటే 30దే వేయాలి. కొందరు లావు తీగ చుట్టి పని కానిస్తారు. ఆ తీగ కాలదు, కారు వైర్లు కాలతాయి.

ఫ్యూజు బాగుంటే రిలే చూడాలి. రిలే అంటే కరెంటును కలిపే చిన్న డబ్బీ. అదే నంబరుది హారనుకు ఉంటే దాన్ని తీసి ఇక్కడ పెట్టి, బ్యాటరీ వైరు మళ్లీ కలిపి, ఏసీ వేసి చూడాలి. తిరిగితే పాత రిలే చెడినట్లు. తిరగకపోతే, పని తెలిసినవాళ్లతో మోటారు ప్లగ్గు ఊడదీయించి, ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కొద్ది క్షణాలు కరెంటు ఇప్పించాలి. అప్పుడూ తిరగకపోతే మోటారే పోయింది. తిరిగితే మోటారు బాగున్నట్లే. ఇక మిగిలింది సెన్సరు, వైర్లు. మెకానిక్కుకు ఈ మాటే చెబితే కొత్త మోటారు ఖర్చు తప్పుతుంది.

బాగయ్యాక ఇంజనును ఇంటి ముందే నడవనివ్వాలి. ఫ్యాను తిరగాలి, ఆగాలి, మళ్లీ తిరగాలి. ముల్లు సగం దగ్గరే నిలవాలి. అప్పుడే ఆ డ్రైవరు నాగర్‌కర్నూలు కిరాయి ఒప్పుకోవచ్చు.