కూలివాళ్ళకూ బీపీయా?

బీపీ అంటే కూర్చుని తినేవాళ్ళ జబ్బనీ, ఎండలో ఇటుకలు మోసేవాళ్ళ జోలికి రాదనీ నేనూ అనుకున్నదాన్నే.

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు మన చుట్టూ మేడలు లేస్తూనే ఉన్నాయి. ఆనకట్టలు కట్టి దేశమంతా పేరుపడ్డ పాలమూరు కూలీలు, ఒరిస్సా, బీహారుల నుంచి వచ్చినవాళ్ళు రేకుల షెడ్లలో కాపురముంటూ వీటిని కడుతున్నారు.

మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషిది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. భర్త గచ్చిబౌలిలో స్లాబు పనికి పోతాడు. "మా ఆయ్నకు తల తిరుగుతుందంటడమ్మా" అంటే రమ్మని, మా మామగారి మిషనుతో చూశాను. 180కి 110! "నాకేం గాలేదమ్మా, ఎండదెబ్బ" అని నవ్వాడతను. అదేనమ్మా దీంతో చిక్కు. చాలామందికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. పక్షవాతం వచ్చాకో, కిడ్నీలు చెడ్డాకో బయటపడుతుంది.

మామూలుగా ఒక్కసారి చూసి తేల్చకూడదు. బీడీ, టీ తాగి అరగంటైనా గడిచాక, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో చూడాలి. అప్పుడూ 140కి 90 దాటితే బీపీ ఉన్నట్టే. ఇతనిది మరీ ఎక్కువ కాబట్టి మర్నాడే బస్తీ దవాఖానాకు పంపాను. 2018 నుంచి మన ఊళ్ళో వెలిసిన ఈ దవాఖానాల్లో పరీక్షా, మాత్రలూ ఉచితమే.

ఇక తిండి. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కూర కొనే డబ్బూ, వండే తీరికా లేక పచ్చడి మెతుకులతో పూట గడిపేవాళ్ళకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? మనం మాత్రం? మిగిలిన ఆవకాయ ఇస్తాం గానీ గుప్పెడు కూర ఇవ్వం! "చెమట పోతుంది, ఉప్పెక్కువ తినాలి" అనే మాట కూడా నమ్మకండి. నీళ్ళు బాగా తాగాలి. బీపీ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పందే ఉప్పు పెంచకూడదు.

మాత్రలతో బీపీ తగ్గింది. తగ్గిందని మానేశాడు మహానుభావుడు! ఇంతలో మేస్త్రీ కోకాపేట సైటుకు మార్చాడు, చీటీ పాత షెడ్డులోనే పోయింది. మకాం మారినప్పుడల్లా మందు తెగిపోవడమే వలసకూలీకి అసలు ముప్పు. మాత్ర బీపీని అదుపులో ఉంచుతుంది గానీ జబ్బును మాన్పదు. మానేస్తే మళ్ళీ పెరుగుతుంది.

ఈసారి కొత్త చీటీ రాయించుకు రమ్మని, మందు పేరు, మోతాదు, కొలతలు అట్టమీద రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చాను. ఏ ఊరి సర్కారు దవాఖానాలో చూపించినా అర్థమవుతుంది. పోయిన ఆదివారం 146కి 92 వచ్చింది. ఇంకా తగ్గాలి. వాళ్ళు పండక్కి ఊరెళుతున్నారు. మూటలో మాత్రలు సర్దుకున్నారో లేదో రేపు అడగాలి.