బరువు పెరిగింది... సరుకు పెరగలేదు!

విశాఖ రేవులో లక్ష టన్నుల ఇనుప ఖనిజాన్ని ఎలక్ట్రానిక్‌ కాటా మీద తూచి ఓడకెక్కించారనుకోండి. ఆ కాటానే ఊడదీసి జపాన్‌ తీసుకెళ్లి, ఏ సర్దుబాటూ చేయకుండా టోక్యో దగ్గర మళ్లీ తూస్తే దాదాపు 130 టన్నులు ఎక్కువ చూపిస్తుంది! దారిలో ఎవరూ గుప్పెడు మట్టయినా కలపలేదు. మరి ఎక్కడిదా ఎక్కువ?

అంతా భూమి మహిమ. మన భూమి నిఖార్సైన గుండ్రమేం కాదు. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. పైగా గిర్రున తిరుగుతోందాయె! అందుకే భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ పెరుగుతుంది. గురుత్వ త్వరణం విశాఖలో సుమారు 9.785, టోక్యోలో 9.798. ఖనిజంలోని పదార్థం, అంటే ద్రవ్యరాశి ఎక్కడైనా ఒకటే. దాన్ని భూమి లాగే బలమే బరువు. అది ఊరిని బట్టి మారుతుంది. 1672లో పారిస్‌ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కి వెళ్లిన ఝాన్‌ రిషే అక్కడ తన లోలకం గడియారం రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడటం గమనించాడు. కారణం ఇదే.

బైలదిల్లా ఖనిజం కిరండోల్‌ రైలు మార్గంలో విశాఖ చేరి జపాన్‌ వెళ్లడం 1960ల నుంచీ ఉన్నదే. డబ్బులిచ్చేది టన్నుల లెక్కన. మరి గొడవలు రావూ?

రావు. ఓడ సరుకుని కొలవడానికి డ్రాఫ్ట్‌ సర్వే అనే పద్ధతి ఉంది. ఓడ ముందూ మధ్యా వెనకా, రెండు పక్కలా రాసి ఉన్న అంకెల్ని బట్టి ఎంత లోతు మునిగిందో చూస్తారు. ఆర్కిమెడిస్‌ సూత్రమే! ఓడని కిందికి లాగే గురుత్వమే అది పక్కకి నెట్టిన నీటినీ లాగుతుంది కాబట్టి లెక్కలో రెండూ కొట్టేసుకుంటాయి. అసలు పేచీ ఉప్పుతోనే. సముద్రపు నీటి సాంద్రత 1.025 ఉండాల్సింది వానాకాలంలో గెడ్డల నీళ్లు కలిసి 1.024 అయినా, దాన్ని గమనించకపోతే పెద్ద ఓడకి వంద టన్నుల తేడా వచ్చేస్తుంది. అందుకే ముందు బకెట్టుతో నీళ్లు తోడి చూస్తారు.

పాతకాలం త్రాసుకీ ఈ బెడద లేదు. రెండో పళ్లెంలోని రాళ్లనూ భూమి అంతే లాగుతుందిగా! చంద్రుడి మీదైనా కిలో పప్పు కిలోనే తూగుతుంది. ఎలక్ట్రానిక్‌ కాటా అలాక్కాదు. వాడే ఊళ్లోనే ప్రామాణిక తూకపు రాళ్లు పెట్టి సరిచేయాలి. టోక్యోలో సరిచేసిన కాటాని అలాగే తెచ్చి ఇక్కడ వంద గ్రాముల బంగారం తూస్తే సుమారు 130 మిల్లీగ్రాములు తగ్గుతుంది. కొత్త నగ కొనేవాళ్లకి లాభం, పాతది మార్చుకునేవాళ్లకి నష్టం!