అర్థం కాకపోయినా జవాబు వస్తుంది

"లొంబడు చిరగాన్ని తెమ్మరించాడు." ఈ వాక్యానికి అర్థమే లేదు. అయినా లొంబడు దేన్ని తెమ్మరించాడని అడిగితే, చిరగాన్ని అని ఎవరైనా చెప్పేస్తారు; మార్కూ పడుతుంది. ఇంగ్లిష్ ప్యాసేజీలకు మన పిల్లలు చాలామంది జవాబులు రాసే తీరు ఇదే. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని దించేస్తారు. గడగడా చదువుతున్నాడు, మార్కులూ వస్తున్నాయి గనక అర్థమవుతోందనే అనుకుంటాం. ఇలాంటివే మరో వంద ప్యాసేజీలు చేయించినా వెతకడంలో చెయ్యి తిరుగుతుందేమో గానీ చదవడం రాదు. ముందు చూడాల్సింది, చేతికిచ్చిన పాఠం ఆ పిల్లవాడి స్థాయిలో ఉందా అని.

ఎన్ని మాటలు తెలిస్తే పాఠం అర్థమవుతుందో హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో కొలిచి చూపించారు. ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకుంటున్న 66 మందికి ఒక కథ ఇచ్చి, అందులో తెలియని మాటల పాలు మార్చి చూశారు. ఐదింట ఒక మాట తెలియనప్పుడు ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే నూటికి దాదాపు 98 మాటలు తెలిసుండాలని తేల్చారు. అంటే 250 మాటల పేజీలో తెలియనివి ఐదుకు మించకూడదు. సందర్భాన్ని బట్టి అర్థం ఊహించుకోమనే సలహా పనికొచ్చేదీ అక్కడే. వాక్యానికి రెండు మాటలు కొరుకుడు పడకపోతే ఊహించడానికి సందర్భమే మిగలదు. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి కథల పుస్తకం ఇవ్వడం నామోషీ ఏమీ కాదు.

సిలబస్‌కే టైము చాలడం లేదు, ఇంక కథలెక్కడ అని టీచర్లు అంటారు. న్యాయమైన మాటే. అయితే ఫిజీ పల్లె బడుల్లో ఎలీ, మంగూభాయ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం (1983లో అచ్చయింది) వేరే సంగతి చెబుతుంది. నాలుగు, ఐదు తరగతుల గదుల్లో 250 ఇంగ్లిష్ కథల పుస్తకాలు పెట్టి, రోజూ కాసేపు చదివించారు. ఇంట్లో ఫిజియనో హిందీయో మాట్లాడే ఆ పిల్లలు, చదివింది అర్థం చేసుకోవడంలో మామూలు కంటే రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికి ఆ లాభం తక్కిన సబ్జెక్టుల్లోకీ పాకింది.

ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వినబడితే ఇంగ్లిష్ రాదన్నది మరో భయం. పీరియడంతా తెలుగులోనే పాఠం చెబితే ఆ భయం నిజమే అవుతుంది. చదివాక మాత్రం, కథలో ఒక ముసలాయన అబద్ధం ఆడితే, ఎందుకు ఆడాడో పిల్లవాణ్ణి తెలుగులో చెప్పమనండి. దించడానికి పాఠంలో జవాబు దొరకని ప్రశ్నే అడగాలి. తెలుగులో చెప్పగలిగి ఇంగ్లిష్‌లో రాయలేకపోతే వాడికి కావలసింది రాత అభ్యాసం. తెలుగులోనూ చెప్పలేకపోతే ఇంకాస్త సులువైన పుస్తకం ఇవ్వాలి.